యాట్ ఉద్యోగం వెతికేవాళ్ల రోజు ఎలా ఉండాలంటే

"అన్నా, క్రూ వెబ్‌సైట్లన్నిట్లో సీవీ పెట్టా, ఒక్క ఫోనూ రాలేదు" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. కొత్తవాళ్లకి అలా కూర్చుంటే యాట్ (విలాసాల పెద్ద పడవ) మీద ఉద్యోగం రాదు, యాట్లు ఆగే మెరీనాకి వెళ్లి మొహం చూపించాలి. దీన్నే ఈ రంగంలో డాక్ వాకింగ్ అంటారు.

ముందు వీసా సంగతి చూసుకోండి. షెంగెన్ (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే) విజిటర్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులు ఉండనిస్తారు గానీ పని చేయనివ్వరు, ఒక్కరోజు డే వర్క్ (రోజు లెక్కన ఇచ్చే పని) అయినా అది పనే. పక్కవాడు చేస్తున్నాడు కదా అని దిగొద్దు. పని చేసుకునే పర్మిట్ ఉన్నవాళ్లే డాక్ వాకింగ్‌కి రండి, లేనివాళ్లు ఎస్‌టీసీడబ్ల్యూ (నావికుల శిక్షణకి అంతర్జాతీయ ప్రమాణం) బేసిక్ సేఫ్టీ కోర్సు, ఈఎన్‌జీ1 మెడికల్ (నావికుల ఆరోగ్య పరీక్ష) పూర్తిచేసి క్రూ ఉద్యోగాలు ఇప్పించే ఏజెన్సీల ద్వారా ప్రయత్నించండి.

ఫ్రాన్స్‌లోని ఆంటీబ్ అయినా స్పెయిన్‌లోని పాల్మా అయినా పొద్దున ఎనిమిదికల్లా డాక్ మీద ఉండాలి. క్రూ పని మొదలుపెట్టేది దాదాపు అప్పుడే, ఇవాళ ఒక మనిషి తక్కువయ్యాడని వాళ్లకి తెలిసేదీ అప్పుడే, పది దాటాక వెళ్తే ఆ అవసరం వేరేవాళ్లతో తీరిపోయి ఉంటుంది. ఇస్త్రీ చేసిన పోలో షర్టు, సులువుగా విప్పగలిగే చెప్పులు (చాలా యాట్ల మీద చెప్పులతో ఎక్కనివ్వరు), ప్రింట్ తీసిన సీవీలు చాలు. మాట్లాడేటప్పుడు నల్లకళ్లద్దాలు తీసేయండి, చిన్న విషయమే కానీ గమనిస్తారు. పిలవకుండా పాసరెల్ (డాక్ నుంచి యాట్‌లోకి ఎక్కే చిన్న వంతెన) మీద కాలు పెట్టొద్దు. డెక్ పనికైతే బోసన్‌నో (డెక్ సిబ్బంది పెద్ద) మేట్‌నో (కెప్టెన్ కింది ఆఫీసర్), లోపలి పనికైతే చీఫ్ స్టూని (లోపలి సిబ్బంది పెద్ద, చీఫ్ స్టూవర్డెస్) అడగండి. గెస్టులు కనిపిస్తే ఆ యాట్ దగ్గర ఆగకుండా వెళ్లిపోండి.

భోజనాల వేళ ఎవరినీ కదిలించొద్దు, ఆ టైంలో ఏజెన్సీకి వెళ్లి రండి. ఉద్యోగం ఇప్పించినందుకు వాళ్లు మీ దగ్గర ఫీజు తీసుకోకూడదు, ఎంఎల్‌సీ 2006 అనే నావికుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందంలో ఇది స్పష్టంగా ఉంది. మెడికల్, సీమన్ బుక్ (నావికుల గుర్తింపు పుస్తకం), పాస్‌పోర్ట్ ఖర్చులు మీవే అనొచ్చు గానీ, "సీటు కన్ఫర్మ్" అని డబ్బు అడిగితే లేచి వచ్చేయండి.

సాయంత్రం ఒక నోట్‌బుక్‌లో యాట్ పేరు, ఎవరితో మాట్లాడారు, ఏమన్నారు రాసుకోండి. చాలామంది బద్ధకించేది ఇక్కడే. వారం తర్వాత మళ్లీ వెళ్లి ఆ మనిషిని పేరు పెట్టి పలకరిస్తే పని అడగడం తేలికవుతుంది, రాసుకోకపోతే వద్దన్నవాళ్ల దగ్గరికే మళ్లీ మళ్లీ వెళ్లి విసిగిస్తారు.

మధ్యధరా సీజన్‌కి మార్చి, ఏప్రిల్, మే నెలలు మంచివి. ఎండలు ముదిరాక యాట్లు గెస్టులతో వెళ్లిపోతాయి, మళ్లీ కరీబియన్‌కి బయలుదేరే ముందు అక్టోబర్ ప్రాంతంలో కొంత కదలిక ఉంటుంది. ఈలోగా డే వర్క్ దొరికితే అది తుడిచే పనైనా సరే ఒప్పుకోండి, అయిపోయాక మేట్‌తో రెండు లైన్ల రిఫరెన్స్ రాయించుకుని, ఆ రాత్రే సీవీలో చేర్చేయండి.