డబ్బా మూత తీయకముందు

చిట్టీకి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి అక్క ఫోను చేసింది. నువ్వు నాలుగు నెలలు బ్యాంకు చుట్టూ తిరిగి అప్పు సంపాదించావనీ, ఐదు సంకరజాతి ఆవులనూ మూడు ముర్రా గేదెలనూ కొని కొట్టంలో కట్టేశావనీ చెప్పింది. ఫోను పెట్టేశాక ఆ సంగతి మీ అత్తకు రెండుసార్లు చెప్పాను. మూడోసారి మొదలుపెట్టగానే, "లోకంలో మీకొక్కరికే మేనకోడలు ఉన్నట్టు మాట్లాడకండి" అంది.

ఆ సంతోషంతోనే పడుకునేవాడిని. కానీ అక్క చివర్లో ఇంకో మాట అంది. ఆవులకు గోమార్లు, అదే రక్తం పీల్చే పిడుదులు, పట్టాయట. వాటిని చంపే అమిత్రాజ్ మందు లీటరు డబ్బా తెచ్చావట. అంత మందు మనకెందుకని పక్కింటికీ ఎదురింటికీ ఖాళీ నీళ్ళ సీసాల్లో తలా కొంచెం పోసి, ఖర్చు పంచుకుంటావట. ఆదివారం కొడతావట. సీసాల మాట విన్న దగ్గర నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. ఫోనులో చెబితే "సరే మామయ్యా, సరే మామయ్యా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీశాను.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. మందు 12.5 శాతందైతే గోమార్లకు లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు, అంటే పది లీటర్ల బకెట్టుకు 20. నీ డబ్బా మీద వేరే కొలత ఉంటే దాన్నే నమ్ము, నన్ను కాదు. ఏ పూటకు కావలసింది ఆ పూటే కలుపు, కలిపినది మరునాటికి దాచకు. చేతికి తొడుగులు, ఒంటికి నిండు చేతుల చొక్కా, ముక్కుకూ మూతికీ మాస్కు, కళ్ళకు అద్దాలు. గాలి నీ వీపు వైపు నుంచి వీచాలి. మందులో మండే ద్రావకం ఉంటుంది కాబట్టి పాలేరు బీడీ ముట్టించకూడదు, దగ్గరలో పొయ్యి ఉండకూడదు. పుండ్ల మీద కొట్టకు. చిన్న దూడలకు డాక్టరును అడగకుండా వాడకు. గుర్రానికీ పిల్లికీ ఈ మందు అసలు తాకించకూడదు. గుర్రానికైతే పేగులు కదలడం ఆగిపోతుంది. నీకు గుర్రం లేదని తెలుసు. ఎదురింటివాళ్ళు పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పుతారని విన్నాను, అందుకని చెబుతున్నాను.

పశువులకు ముందుగా కడుపునిండా నీళ్ళు పెట్టు. ఈ మాట ఎవరూ చెప్పరు. దాహంతో ఉన్న గేదెకు మందు బకెట్టుకూ కుడితి బకెట్టుకూ తేడా తెలియదు. పొద్దున పాలు పిండాకే మందు కొట్టు, సాయంత్రం పిండేముందు పొదుగు శుభ్రంగా కడుగు. ఒళ్ళు ఆరేదాకా దూడను తల్లి దగ్గరకు వదలకు. ఒకదాన్నొకటి నాకే అలవాటున్న వాటికి మూతికి చిక్కం కట్టు. బకెట్టునూ పంపునూ చెరువులోనో కాలువలోనో కడిగావంటే చేపలు తేలతాయి. ఇంటికి దూరంగా, బావికి దూరంగా గుంట తీసి అక్కడ కడుగు.

ఆవు మీద కనిపించేవాటిని చంపితే పని అయిపోయిందనుకోకు. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారు కింద రాలి, గోడ పగుళ్ళలో దూరి వేల గుడ్లు పెడుతుంది. పగుళ్ళు పూడ్చి సున్నం కొట్టించు. నాలుగు నాటుకోళ్ళను కొట్టంలో తిరగనివ్వు, అవి ఏరుకు తింటాయి. సంకర ఆవులు నాటు ఆవుల్లా ఓర్చుకోలేవు. గోమార్ల వల్ల థైలేరియాసిస్ జ్వరం వచ్చి వారంలో పడిపోయినవాటిని చాలా చూశాను. కాబట్టి మందు వద్దని నేను అనను, అన్నానని అక్కకు చెప్పకు. ఇంజెక్షన్ అయితే సులువు కదా అని నువ్వు అన్నావట. ఆ ఐవర్‌మెక్టిన్ పాలల్లోకి దిగుతుంది, చాలా రోజులు దిగుతూనే ఉంటుంది. పాడిలో ఉన్న పశువుకు వద్దు.

ఇక సీసాల సంగతి.

2004 వానాకాలం. అప్పుడు నేను పల్నాడులో ఒక చిన్న ఊళ్ళో పశువుల ఆసుపత్రిలో సహాయకుడిని. వానలు పడ్డాక గోమార్లు విపరీతంగా వచ్చాయి. ఒక రైతు వచ్చాడు. రెండు గేదెలు, ఒక ఆవు, అంతే అతని ఆస్తి. డబ్బా కొనే స్తోమత లేదు. ఆసుపత్రిలో విప్పిన డబ్బా ఉంది. కిటికీలో దగ్గు టానిక్కు సీసా ఒకటి ఖాళీగా ఉంది, గోధుమ రంగుది. శుభ్రంగా కడిగాను, ఎండలో ఆరబెట్టాను, సిరంజితో కొలిచి 60 మిల్లీలీటర్లు పోశాను. కొలతలో ఒక్క చుక్క తేడా రానివ్వలేదని నాకు నేనే మురిసిపోయాను. లీటరుకు రెండు అని మూడుసార్లు చెప్పించుకున్నాను. సీసా మీద టానిక్కు కాగితం సగం చిరిగి, సగం అలాగే ఉంది. దాన్ని గీకేయాలని తోచలేదు. పైన పేరు రాయాలనీ తోచలేదు.

అతను ఆ సీసాను గూట్లో పెట్టాడు. ఇంట్లో ఆరేళ్ళ పిల్లవాడికి దగ్గు. కళ్ళు సరిగా కనపడని నాయనమ్మ రాత్రి వాడికి ఒక చెంచాడు పట్టింది. వాడు కాసేపటికి నిద్రపోయాడు. మందు పని చేసిందనుకుంది ఆమె. తండ్రి వచ్చి లేపితే లేవలేదు. ఒళ్ళు చల్లగా ఉంది. ఉప్పునీళ్ళు పోసి కక్కించబోయారు. అది ఇంకో తప్పు. ఈ మందు కక్కితే ద్రావకం ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కిరోసిన్ తాగినవాళ్ళకు కక్కించకూడదన్నట్టే దీనికీ కక్కించకూడదు. ఆటోలో టౌనుకు తీసుకుపోయారు.

నాకు కబురు వచ్చి సైకిలు మీద వెళ్ళేసరికి డాక్టరు తండ్రిని నిలదీస్తున్నాడు. "ఏ మందు?" "గోమార్ల మందండీ." "పేరేమిటి?" అతనికేం తెలుసు? నేను చెప్పలేదు కదా. కంటిపాపలు సూదిమొనంత అయిపోయాయి, నాడి నెమ్మదిగా కొట్టుకుంటోంది, మత్తు. పత్తి చేలల్లో కొట్టే పురుగుల మందు తాగినవాళ్ళు అచ్చం ఇలాగే ఉంటారు. పల్నాడులో ఆ డాక్టరు అలాంటి కేసులు వందలు చూసి ఉంటాడు. ఆ విషానికి ఇచ్చే వైద్యమే మొదలుపెట్టాడు. ఆయన తప్పేమీ లేదు.

నాకు పేరు తెలుసు చిట్టీ. అమిత్రాజ్. నాలుగక్షరాలు. వరండాలో స్తంభం పక్కన నిలబడి ఆ నాలుగక్షరాలు మింగుతూ ఉండిపోయాను. ప్రభుత్వ మందును టానిక్కు సీసాలో పోసి ఇచ్చింది నేనని బయటపడితే ఉద్యోగం పోతుంది. అప్పటికి మీ తాతయ్య మంచం మీద ఉన్నాడు. అరగంట అయిందో, ఇంకాస్త ఎక్కువో, గడియారం చూసుకునే ధైర్యం లేకపోయింది. చివరికి లోపలికి వెళ్ళి చెప్పాను. డాక్టరు నా వైపు ఒక్కసారి చూసి, నర్సుతో ఒక ఇంజెక్షన్ ఆపమన్నాడు. ఈ మందుకు మనుషుల్లో ప్రత్యేకమైన విరుగుడు లేదు. దుప్పట్లు కప్పారు, సెలైన్ పెట్టారు, ఊపిరిని కనిపెట్టుకుని ఉన్నారు, గంటగంటకూ రక్తంలో చక్కెర చూశారు. తెల్లవారుజామున పిల్లవాడు కళ్ళు తెరిచి తన చెప్పులు ఎక్కడని అడిగాడు. కొత్త చెప్పులట.

నా మీద ఫిర్యాదు రాలేదు. ఉద్యోగం పోలేదు. వారం తరువాత ఆ రైతు మా ఇంటికి వచ్చి, పేరు చెప్పి పిల్లవాణ్ణి కాపాడారండీ అని దోసకాయలు ఇచ్చి వెళ్ళాడు. మీ అత్త పప్పు వండింది. నాకు ముద్ద దిగలేదు. ఎందుకని అడిగితే ఉప్పు ఎక్కువైందన్నాను. ఈనాటికీ ఆమెకు అసలు సంగతి తెలియదు. ఇప్పుడు నీకు తెలుసు. మీ అమ్మకు చదివి వినిపిస్తావో లేదో నీ ఇష్టం.

అందుకని ఒక్క సీసాలో కూడా పోయకు. నీళ్ళ సీసా, కూల్‌డ్రింకు సీసా, పేరు రాసిన సీసా, ఏదీ వద్దు. పంచుకోవాలంటే మందును కాదు, పనిని పంచుకోండి. డబ్బా నీ దగ్గరే ఉంటుంది, ఆ రెండిళ్ళ పశువులనూ మీ కొట్టం దగ్గరకే తోలుకురమ్మను, ఒకే పూట కలిపి కొట్టండి. మిగిలిన డబ్బా తాళం వేసిన పెట్టెలో, మనిషి ఎత్తుకు పైన, దాణాకూ వంటింటికీ దూరంగా. డబ్బాతో వచ్చే కాగితం పారేయకు. ఎవరికైనా తల తిరిగినా, మత్తు వచ్చినా, తాగినా, 108కి ఫోను చేసి ఆ డబ్బాను కూడా ఆసుపత్రికి తీసుకెళ్ళు. "పురుగుల మందు" అని చెప్పకు, పేరు చదివి చెప్పు. ఆవు తల వేలాడేసి, మేత మాని, కడుపు ఉబ్బి నిలబడితే పశువుల అంబులెన్సు 1962కి ఫోను చెయ్యి. పశువుల డాక్టర్ల దగ్గర దీనికి విరుగుడు ఇంజెక్షన్ దొరికే అవకాశం ఉంది, అక్కడా పేరే చెప్పాలి. ఖాళీ డబ్బాకు కన్నాలు పొడిచెయ్యి, లేకపోతే ఎవరో ఒకరు కడిగి అందులో నూనె పోసుకుంటారు.

అక్కను బకెట్టు దగ్గరకు రానివ్వకు. ఈ మందు రక్తంలో చక్కెరను పెంచుతుంది, ఆమెకు ముందే షుగరు. నాకూ ఉంది కాబట్టి నేనూ చెయ్యి పెట్టను.

అయినా శనివారం సాయంత్రం బస్సుకు వస్తున్నాను. ఆదివారం పొద్దున గాలికి ఎగువన మంచం వేసుకుని కూర్చుని నీ మీద అరుస్తాను. నేను వచ్చేదాకా మూత తీయకు. మోచేతుల దాకా వచ్చే రబ్బరు తొడుగులు ఇక్కడి దుకాణంలో ఉన్నాయి, చిన్నవీ పెద్దవీ రెండు రకాలు. చిన్నప్పుడు నీ చేతికి నా గడియారం మోచేతి దాకా జారిపోయేది, ఆ లెక్కతో కొంటే పట్టవేమో. నీ అరచేయి కాగితం మీద పెట్టి, చుట్టూ గీసి ఫోటో పంపించు.

మీ మామయ్య