పాత ఇంటి గుమ్మంలో పడిన ఉత్తరం

ఇంగ్లండుకు కొత్తగా వచ్చిన తమ్ముళ్లు సీసీజే అన్న మాట వినగానే పోలీసులు, జైలు అని కంగారు పడతారు. అది క్రిమినల్ కేసు కాదు. కౌంటీ కోర్టు జడ్జిమెంటు, అంటే బాకీ కట్టమని సివిల్ కోర్టు ఇచ్చే తీర్పు. నన్నడిగితే, ముందు చూసుకోవలసింది చిరునామా.

నా సంగతే చెబుతాను. మొదటి రెండేళ్లలో నాలుగు గదులు మారాను. కారు లాగ్‌బుక్‌లో, అంటే బండి రిజిస్ట్రేషన్ కాగితంలో మాత్రం మొదటి ఇంటి చిరునామాయే ఉండిపోయింది. ఒక ప్రైవేటు పార్కింగ్‌లో పది నిమిషాలు ఎక్కువ ఆగినందుకు వచ్చిన నోటీసు, ఆ తర్వాత హెచ్చరికలు, చివరికి కోర్టు క్లెయిమ్ ఫారం, అంటే బాకీ కోసం నా మీద వేసిన దావా కాగితం, అన్నీ ఆ గుమ్మంలోనే పడ్డాయి. ఆ ఇంట్లోవాళ్లు వాటిని పిజ్జా కరపత్రాలతో కలిపి మెట్ల కింద పడేశారు. మూడేళ్ల తర్వాత ఇంటి రుణానికి వెళ్తే గానీ నా మీద తీర్పు ఉందని నాకే తెలియలేదు.

క్లెయిమ్ ఫారం అందినట్టు లెక్కకు వచ్చాక జవాబుకు 14 రోజులే గడువు. అందిందని ఫారంలో తెలియజేస్తే మొత్తం 28 రోజులు దొరుకుతాయి. ఏమీ పలకకపోతే అవతలివాళ్లు అడిగిన వెంటనే తీర్పు వచ్చేస్తుంది. మన కోర్టుల్లో ఎక్స్‌పార్టీ డిక్రీ అంటామే, దాదాపు అదే. చివరిగా తెలిసిన చిరునామాకు పంపితే సాధారణంగా అందినట్టే లెక్క. కాబట్టి "నాకు రాలేదు" అన్నంత మాత్రాన తీర్పు దానంతటదే పోదు. రద్దు చేయమని ఎన్244 ఫారంతో, ఆలస్యం లేకుండా, వాదించడానికి తగిన కారణం చూపుతూ అడగాలి. నాకు ఆ కారణం లేదు, పార్కింగ్ తప్పు నాదే. మొత్తం కట్టేశాను.

తీర్పు వచ్చిన నెలలోపు పూర్తిగా కడితే ఇలాంటి తీర్పులు నమోదు చేసే రిజిస్టరులోంచి పేరు తీసేస్తారు. నెల దాటితే, నాలాగా, "చెల్లించారు" అన్న గుర్తు మాత్రమే పడుతుంది. నమోదు ఆరేళ్లూ ఉంటుంది. ఆ ఆరేళ్లూ అద్దె ఇల్లు, ఫోను కాంట్రాక్టు, రుణం, ఏది అడిగినా అది బయటపడుతుంది. అసలు కట్టకపోతే బెయిలిఫ్‌లు, అంటే బాకీ వసూలు చేసే అధికారులు, ఇంటికి రావచ్చు, కోర్టు జీతంలోంచి కోత వేయించవచ్చు.

ఇల్లు మారిన రోజే లాగ్‌బుక్, బ్యాంకు, కరెంటు కంపెనీలకు చెప్పండి, రాయల్ మెయిల్‌లో ఉత్తరాల మళ్లింపు పెట్టించండి. ఉత్తరం వచ్చాక భయం వేస్తే సిటిజన్స్ అడ్వైస్, స్టెప్‌చేంజ్ అనే స్వచ్ఛంద సంస్థల్లో ఉచితంగానే సలహా ఇస్తారు. డబ్బు తీసుకుని సీసీజే తుడిపేస్తామనే ప్రకటనలను నమ్మకండి. సరిగ్గా వచ్చిన తీర్పును వాళ్లు తీయించలేరు.