టెక్ సందేహాలు: నాలుగక్షరాల మాట బ్యానర్ మీద తిరగబడితే

ప్రశ్న: గుడ్ ఫ్రైడేకి మా సంఘం బ్యానర్ మీద 'దేవుడు' అన్న మాటని సిరియాక్ లిపిలో పెట్టాలనుకున్నాం. నా ఫోన్‌లో బాగానే కనిపించింది. డిజైనర్‌కి పంపితే ఒకసారి డబ్బాలు, ఇంకోసారి విడివిడి అక్షరాలు వచ్చాయి. ఏది సరైనదో మాకెవరికీ తెలియదు. ఏం చేయాలి? (ఏలూరు నుంచి ఒక పాఠకురాలు)

ముందు ఆ బ్యానర్ ప్రింటింగ్ ఆపించండి, ఎందుకంటే ఈ మాట తప్పు పడినా చూడ్డానికి ఒప్పులాగే ఉంటుంది. సిరియాక్ అంటే యేసు మాట్లాడిన అరమాయిక్ భాషలో ఒక శాఖ, అందులో 'దేవుడు' అన్న మాట 'అలాహా'. రాసేవి నాలుగే అక్షరాలు: అలఫ్, లామద్, హే, మళ్లీ అలఫ్. కుడి నుంచి ఎడమకి రాస్తారు. ఆ సంగతి తెలియని సాఫ్ట్‌వేర్ వాటిని ఎడమ నుంచి పేర్చేస్తుంది, అప్పుడు మధ్యలోని లామద్, హే తారుమారవుతాయి. కానీ రెండు చివరలా అలఫే ఉంది కదా, అందుకే చటుక్కున ఎవరికీ అనుమానం రాదు. ఇలా చూసుకోండి: కుడి నుంచి లెక్కపెడితే రెండో అక్షరం ఏటవాలుగా పైకి లేచే పొడుగు గీత అయి ఉండాలి, అదే లామద్. అది పక్కనున్న హేతో అతుక్కుని ఉండాలి. రెండు అలఫ్‌లు మాత్రం దేనితోనూ కలవవు. నాలుగూ విడివిడిగా ఉన్నాయంటే అది తప్పే.

డబ్బాలు వస్తే ఫాంట్ లేదని అర్థం. గూగుల్ నోటో ఫాంట్లలో సిరియాక్‌కి ఎస్ట్రాంగెలా, ఈస్టర్న్, వెస్టర్న్ అని మూడు ఉన్నాయి, ఉచితమే. అక్షరాల కోడ్ ఒకటే, ఫాంట్‌ని బట్టి రాత తీరు మారుతుంది. విడిపోతుంటే ఫోటోషాప్ టైప్ సెట్టింగ్స్‌లో 'వరల్డ్ రెడీ' అనే ఆప్షన్ పెట్టమనండి, యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ కోడ్‌లిచ్చే పద్ధతి) తెలుగులో ఒత్తులు విడిపోయినప్పుడు మనం మార్చుకునేది కూడా అదే. పేజ్‌మేకర్ అయితే అసలు ప్రయత్నించొద్దు, దానికి యూనికోడే తెలియదు. లిబ్రేఆఫీస్‌లో టైప్ చేసి పీడీఎఫ్ ఇచ్చేయడం తేలిక.

ఇంకొక్కటి, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మాట మీద పక్కపక్కన రెండు చుక్కలున్నాయేమో చూడండి. వాటిని 'స్యామే' అంటారు, బహువచనం గుర్తు. అవే నాలుగక్షరాల మీద ఆ చుక్కలు పడితే 'అలాహే', అంటే దేవుళ్లు! యూనికోడ్‌లో ఈ చుక్కలు సిరియాక్ అక్షరాలతో పాటు లేవు, యూరప్ భాషలకీ వాడే 0308 అనే కోడ్‌తోనే వేస్తారు. అందుకే కాపీ పేస్టులో కొన్నిసార్లు రాలిపోతాయి, కొన్నిసార్లు పక్కకి జరుగుతాయి. ఆరాధనలో పెట్టే మాటకి ఆమాత్రం జాగ్రత్త అవసరం.

ప్రశ్న: బైబిల్లో యేసు సిలువ మీద వేసిన కేకని మార్కు 'ఎలోయీ' అంటాడు, మత్తయి 'ఏలీ' అంటాడు, నెట్‌లో 'అలాహా', కేరళవాళ్లు 'అలోహో' అంటున్నారు. ఏది టైప్ చేసి వెతకాలి?

ఏదీ తప్పు కాదు. 'ఎలోయీ'లో చివరి 'ఈ' అంటే 'నా', కాబట్టి 'నా దేవా' అని. అరమాయిక్‌లో మధ్యన 'హ' ఉంది, గ్రీకులో మాట మధ్యలో దాన్ని రాయడానికి అక్షరం లేక జారిపోయింది. 'ఏలీ'కీ అర్థం 'నా దేవా' అనే, అది 'ఏల్' అన్న మాట నుంచి వచ్చింది. తూర్పు సిరియాక్‌వాళ్లు 'అలాహా' అనేదాన్నే పడమటివాళ్లు 'అలోహో' అంటారు, కేరళలో రెండు సంప్రదాయాల చర్చిలూ ఉన్నాయి. వెతికేటప్పుడు మాత్రం ఒక చిక్కుంది. దానియేలు, ఎజ్రా గ్రంథాల్లోని అరమాయిక్ భాగాల్ని హీబ్రూ అక్షరాలతో అచ్చువేస్తారు, అందువల్ల సిరియాక్ లిపిలో వెతికితే అవి దొరకవు. రెండు లిపుల్లోనూ వెతకండి.

ప్రశ్న: మా మలయాళీ స్నేహితుల ఇంట్లో సిరియాక్ లిపిలో రాసిన మలయాళం పుస్తకం ఉంది. టైప్ చేయొచ్చా?

చేయొచ్చు. సిరియాక్‌కి ఉన్నవి 22 అక్షరాలే, మలయాళం పలుకులన్నిటికీ అవి చాలవు. అందుకే వాడుకలో ఉన్న మరో 11 అక్షరాల్ని 2017లో యూనికోడ్ 10లో చేర్చారు. పాత ఫాంట్‌లో అవి డబ్బాలుగానే కనిపిస్తాయి, టెన్షన్ పడకుండా కొత్త ఫాంట్ వేసుకుని ఒక పేజీతో మొదలుపెట్టండి.