డిసెంబర్ కచేరీల్లో యూదుల పాటలు, క్రిస్మస్ పాటలు ఎలా కలుస్తాయి?

అమెరికాలో చాలా ఊళ్ల క్వయర్లు (బృందగాన బృందాలు) డిసెంబర్‌లో యూదుల దీపాల పండుగ హనుక్కా పాటలూ క్రిస్మస్ పాటలూ ఒకే వేదికపై పాడతాయి. ఇది మొహమాటానికి చేసే సర్దుబాటేనా అంటే, కొంత అవును. హనుక్కా ఎక్కువగా డిసెంబర్‌లోనే వస్తుంది. 2024లో సరిగ్గా 25 సాయంత్రమే మొదలైంది. కానీ అసలు బంధుత్వం యూదులకూ క్రైస్తవులకూ ఉమ్మడిదైన కీర్తనల గ్రంథంలో ఉంది. మన చర్చిల్లో వినే "యెహోవా నా కాపరి" (23వ కీర్తన) మూలం యూదుల భాష హీబ్రూయే.

దీనికి నాకు నచ్చిన ఉదాహరణ అమెరికన్ స్వరకర్త లెనార్డ్ బెర్న్‌స్టైన్ 1965లో రాసిన 'చిచెస్టర్ సామ్స్' (సామ్స్ అంటే కీర్తనలు). అడిగింది ఇంగ్లండ్‌లోని ఒక కెథెడ్రల్, రాసింది యూదుడు, సాహిత్యమంతా హీబ్రూ. రెండో భాగంలో ఒక పిల్లవాడు హార్ప్ తోడుగా ఆ 23వ కీర్తనే పాడుతుంటాడు. ఆడవాళ్ల గొంతులు అందుకుంటాయి. అంతలో మగవాళ్లు రెండో కీర్తనతో విరుచుకుపడతారు: "అన్యజనులు ఏల అల్లరి రేపుచున్నారు?" పిల్లవాడి రాగం మాత్రం చెదరదు.

పాతకాలపు స్వరకర్త హాండెల్ కూడా హనుక్కా వెనకున్న మక్కబీయులనే యూదు యోధుల పోరాటం మీద 'జుడాస్ మక్కబేయస్' అనే సంగీత కథ రాశాడు (1746). దాంట్లో తర్వాత చేర్చిన విజయగీతం బాణీని ఈస్టర్‌కీ పాడతారు, హనుక్కాకీ పాడతారు.

పాడేవాళ్లకు అసలు టెన్షన్ ఉచ్చారణ. హీబ్రూ రాత కుడి నుంచి ఎడమకు, సంగీత స్వరాల రాత ఎడమ నుంచి కుడికి. అందుకే మాటలను రోమన్ లిపిలో వేస్తారు. అందులో 'సీ హెచ్' కనిపిస్తే 'చ' అనేస్తారు. అది గొంతు గీరుకున్నట్టు పలికే 'ఖ'.