స్వీడన్, కువైట్, అనంతపురం: మూడు చోట్లా కారు నడిపిన అనుభవం

విదేశాల్లో కొన్నేళ్లు కారు నడిపినవారు ఇంటికి వచ్చినప్పుడు బెంగళూరు నుంచి కర్నూలు దాకా ధైర్యంగా నడుపుకోవచ్చా, అక్కడికీ ఇక్కడికీ తేడా డ్రైవర్ల క్రమశిక్షణలోనే ఉందా అని మీరు అడిగారు. నాది అనంతపురం. ఉద్యోగరీత్యా కువైట్‌లోనూ, తర్వాత స్వీడన్‌లోనూ కారు నడిపాను. క్రమశిక్షణలో తేడా ఉన్న మాట నిజమే గాని, డ్రైవరు పొరపాటు చేసిన క్షణంలో రోడ్డు అతణ్ణి కాపాడుతుందా లేదా అన్నదే అంతకంటే పెద్ద తేడా అని నా అభిప్రాయం.

కువైట్‌లో రోడ్లు విశాలం, ఎదురు వాహనాల బెడద లేదు. అయితే వేగం విపరీతం. రింగ్ రోడ్డు మీద గంటకు 120 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నా వెనుక కారు లైట్లు కొడుతూ మీదికి వస్తుంది. 2025 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం నడుపుతూ ఫోను పట్టుకుంటే 75 దీనార్లు, ఎర్ర లైటు దాటితే 150 దీనార్లు జరిమానా. కడప, రాయచోటి ప్రాంతాల నుంచి వెళ్లిన మన డ్రైవర్లు అక్కడ ఎంతో జాగ్రత్తగా నడుపుతారు.

స్వీడన్‌లో లైసెన్సుకు ముందు జారే ట్రాక్ మీద శిక్షణ తప్పనిసరి. అక్కడ గంటకు 30 కిలోమీటర్ల వేగంతో బ్రేకు తొక్కినప్పుడు అడ్డుగా పెట్టిన కోన్ల ముందే ఆగిన కారు, వేగం కొంచెం పెంచేసరికి స్టీరింగు మాట వినకుండా వాటిని తోసుకుంటూ పోయింది. ఎన్ని పుస్తకాలు చదివినా అంత బాగా తెలిసేది కాదు. మనిషి తప్పు చేయడం సహజం, ఆ తప్పుకు ప్రాణం మూల్యం కాకూడదన్న సూత్రంతో ఆ దేశ పార్లమెంటు 1997లో ‘విజన్ జీరో’ అనే రోడ్డు భద్రతా విధానాన్ని ఆమోదించింది. ఆ తర్వాత పాత రోడ్లనే మూడు లేన్లుగా మార్చి, ఎదురెదురు వాహనాల మధ్య ఉక్కు తాళ్ల కంచె వేశారు. అలా మార్చిన రోడ్లపై మరణాలు సుమారు ఐదింట నాలుగు వంతులు తగ్గాయి.

బెంగళూరు నుంచి కర్నూలు వెళ్లే మన 44వ నంబరు జాతీయ రహదారి నాలుగు లేన్ల మంచి రోడ్డే. కానీ గన్నేరు చెట్లు నాటిన ఆ డివైడరుకు అదుపు తప్పిన బండిని ఆపే శక్తి లేదు. 2021 ఫిబ్రవరిలో కర్నూలు జిల్లా మాదార్‌పురం దగ్గర ఒక టెంపో వాహనం డివైడరు దాటి అవతలి వైపు లారీని ఢీకొనడంతో 14 మంది చనిపోయారు. దీనికి తోడు, యూటర్ను దూరమని రాంగ్ రూటులో వచ్చే బైకులు, కూలీలతో కిక్కిరిసిన ఆటోలు, వెనుక లైటు లేని ట్రాక్టర్లు. టైరు పంక్చరైన లారీ చుట్టూ పెట్టిన రాళ్లను, బండి కదిలాక అక్కడే వదిలేసి పోతారు. రాత్రిపూట వాటిని తప్పించబోయి పక్క లేనులోకి దూకే కార్లను నేను చూశాను. తప్పు డ్రైవరుదే అని రాసుకోవడం సులభం, ఆ రాయిని తీసేవారే ఉండరు.

కాబట్టి నడపండి, కానీ పగటిపూటే. ఊళ్ల దగ్గర డివైడరుకు గండి కనబడగానే, ఎవరూ లేకపోయినా వేగం తగ్గించండి. ఎదురు దిశలో బండి రాదన్న నమ్మకం పెట్టుకోవద్దు. వెనుక కూర్చున్నవారికీ బెల్టు చట్టరీత్యా తప్పనిసరి. అద్దె కార్లలో ఆ బకిళ్లు సీటు కవరు కింద దాగి ఉంటాయి, బయలుదేరే ముందే వాటిని బయటికి తీయించండి.