ఐసీయూ నుంచి ఎటు?

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఏడేళ్లుగా ఐసీయూ నర్సుని, అన్నీ నైట్ డ్యూటీలే. పేషెంట్లను చూసి మందులు కూడా రాసే నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు చదవాలనుకుంటున్నాను, అందులో ఏ విభాగమో తేల్చుకోలేకపోతున్నాను. మా ఆయనేమో ఫ్యామిలీ విభాగం తీసుకో, ఎక్కడైనా పనికొస్తుంది అంటారు. ఫ్రెండ్స్ సైకియాట్రీలో జీతం బాగుంటుందంటున్నారు. అక్యూట్ కేర్, అంటే ఆస్పత్రిలో సీరియస్‌గా ఉన్నవాళ్లను చూసుకోవడం, నాకు తెలిసిన పని. మొన్న ఒక షుగర్ పేషెంట్ ఏడాదిలో మూడోసారి డీకేఏతో (ఇన్సులిన్ చాలక రక్తం ఆమ్లంగా మారి ప్రాణం మీదికొచ్చే స్థితి) వచ్చాడు. ఇన్సులిన్ ఎప్పుడు ఎంత వేసుకోవాలో కూర్చోబెట్టి చెప్పినవాళ్లే లేరట. ఇంటికొచ్చినా అదే ఆలోచన. ఏది తీసుకోను?

జవాబు: జీతం గురించి ఒక్క ముక్క రాసి, ఆ షుగర్ పేషెంట్ గురించి అంత రాశారు. నాకు జవాబు అక్కడే కనిపించింది.

ముందు మీ ఆయన మాట. ఫ్యామిలీ చదివితే పసిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా చూడొచ్చు, నిజమే, కానీ అది ప్రైమరీ కేర్ చదువు, అంటే క్లినిక్‌లో చేసే రోజువారీ వైద్యం. వెంటిలేటర్ మీదున్న మనిషిని చూసుకునే ట్రైనింగ్ అందులో ఉండదు, అందుకే ఐసీయూ ఉద్యోగాలకు అక్యూట్ కేర్ సర్టిఫికేషన్ అడుగుతారు. తర్వాత మనసు మారితే వేరే విభాగంలోకి వెళ్లడానికి పోస్ట్ మాస్టర్స్ సర్టిఫికెట్ చేసుకోవచ్చు, కాకపోతే మళ్లీ క్లాసులు, మళ్లీ క్లినికల్ గంటలు, మళ్లీ పరీక్ష.

సైకియాట్రీ జీతం కోసమైతే వద్దండి. రోజంతా ఒకరి తర్వాత ఒకరి బాధ వినడం ఇష్టమైనవాళ్లు చెయ్యాల్సిన పని అది. పైగా మీరున్నది టెక్సస్. అక్కడ నర్స్ ప్రాక్టీషనర్ మందులు రాయాలంటే డాక్టరుతో ఒప్పందం ఉండాలి, ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరని సమస్య) వాడే ఆడెరాల్ లాంటి, అలవాటుపడే ప్రమాదం ఉందని గట్టి నియంత్రణలో పెట్టిన షెడ్యూల్ 2 మందులు మామూలు క్లినిక్‌లో కూర్చుని రాయడానికి లేదు, ఆస్పత్రి, హాస్పిస్ (చివరి రోజుల్లో ఉన్నవాళ్లకు చేసే సేవ) లాంటి చోట్లే కుదురుతుంది. చేరాక తెలిసి బాధపడేవాళ్లున్నారు.

అక్యూట్ కేర్‌కి మీ ఏడేళ్ల అనుభవం బాగా ఉపయోగపడుతుంది, కాదనను. అయితే నైట్ డ్యూటీలు తప్పుతాయన్న గ్యారంటీ లేదు, పైగా ఆ పేషెంట్ నాలుగోసారి వచ్చినప్పుడూ మీరు అతన్ని ఐసీయూ బెడ్ మీదే చూస్తారు. అతను అక్కడిదాకా రాకుండా ఆపే పని క్లినిక్‌లో ఉంది. కాబట్టి నా ఓటు ప్రైమరీ కేర్‌కే. పిల్లల్ని చూడటం ఇష్టమైతే ఫ్యామిలీ, లేదంటే 13 ఏళ్లు దాటినవాళ్లను చూసే అడల్ట్ జెరంటాలజీ ప్రైమరీ కేర్.

ఫీజు కట్టేముందు ఒకటి అడగండి, ప్రిసెప్టర్‌ని, అంటే క్లినికల్ గంటల్లో మనల్ని పక్కన పెట్టుకుని పని నేర్పేవాళ్లని, ఎవరు వెతకాలి? మా కాలేజీ ఆ పని మా మీదే వదిలేసింది, నేను ఇరవై క్లినిక్‌లకు ఫోన్లు చేశాను, సెమిస్టర్ మొదలయ్యే వారం దాకా అదే టెన్షన్.

ఇంకో పని, సెలవు రోజున తెలిసిన నర్స్ ప్రాక్టీషనర్ ఉంటే, ఆ క్లినిక్ ఒప్పుకుంటే, వాళ్ల పక్కన ఒక రోజంతా కూర్చోండి. ఒక్కో పేషెంట్‌కి పావుగంట, ఇరవై నిమిషాలే దొరుకుతాయి. షుగర్ రీడింగులు చూస్తూ, నిన్న రాత్రి ఏం తిన్నారని అడుగుతూ గడిచే ఆ పావుగంట మీకు నచ్చిందా, లేక మానిటర్ చప్పుడు లేక తోచలేదా? తోచకపోతే నా మాట పక్కనపెట్టి అక్యూట్ కేర్‌కే అప్లై చెయ్యండి.