శీనాకి, కలకత్తా లైను ఎక్కే ముందు

కావలి

అబ్బయ్యా శీనా,

చీమకుర్తిలో గ్రానైటు పలకలు ఎత్తుకుని కలకత్తా లైనుకి పోతా ఉండావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. పన్నెండు టైర్ల లారీ మన పిల్లోడి చేతికిచ్చారంటే సంతోషంగానే ఉంది. అయినా రాత్రి నిద్ర పట్టలా. టైర్లు, జాకీలు, బండి కాగితాలు నీకు నేను చెప్పబన్లా. దారిలో డబ్బు ఎట్టా పోతుందో, ఆఫీసోళ్ల మాటల మీద రోజులు ఎట్టా పోతాయో, ఆ రెండే రాస్తున్నా.

జీతం పడే ఖాతా కార్డు ఇంట్లో బీరువాలో పెట్టి పో. దారి ఖర్చుకి ఇంకో ఖాతా తెరిచి, ట్రిప్పు అడ్వాన్సు, బత్తా మాత్రమే అందులో వేయించుకో. ఆ కార్డుకి బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం, ఆన్‌లైన్ వాడకం, మిషనుకి తాకించి కట్టేది, మూడూ ఆపెయ్. తాకించే కార్డు 5,000 దాకా పిన్ను అడగదు. జేబులోంచి జారిందంటే దొరికినోడికి పండగే. ఏటీఎంలో కార్డు దూర్చే చోటు వేళ్లతో పట్టుకుని కదిపి చూడు, ఊగితే వెనక్కి తిరుగు. పిన్ను నొక్కేటప్పుడు రెండో చెయ్యి పైన అడ్డం పెట్టు. బంకులో కుర్రోడి చేతికి కార్డిచ్చి క్యాబిన్లోనే కూర్చోవద్దు, దిగి మిషను దగ్గరికి పో. సంక్రాంతికి నీ ఫోను కవర్లో చీటీ చూశాలే. పిన్ను రాసి పెట్టుకున్నావు, అదీ నువ్వు పుట్టిన సంవత్సరమే! సిగ్గులేదట్రా? ఈ ఉత్తరం మూసే లోపల మార్చు.

మీ నాయన సంగతి నీకు సగమే తెలుసు. 2018లో ఆయన ఎవరికీ పిన్ను చెప్పలా, కార్డు చొక్కా జేబు దాటలా. అప్పటి కార్డుకి చిప్పు లేదు, వెనక నల్లగీతే. యాడో రోడ్డు పక్క ఏటీఎంలో ఆ గీతను కాపీ కొట్టి, పైన దాచిన కెమెరాలో పిన్ను చూశారు. అర్ధరాత్రికి పది నిమిషాల ముందు 20,000, తేదీ మారినాక ఇంకో 20,000 లాగేశారు. పన్నెండు దాటితే రోజు పరిమితి మళ్లీ మొదలు కదా, అందుకే ఆ వేళ. బ్యాంకు మెసేజీలు వచ్చాయి. అవి వచ్చింది పాత నంబరుకి, ఆ సిమ్ము మీ అమ్మ బటన్ ఫోనులో, ఆ ఫోను ట్రంకుపెట్టెలో. మూడో రోజు డీజిలుకి డబ్బు తీయబోతే ఖాతా ఖాళీ. అప్పుడు చేయాల్సిన ఫోను ఒక్కటే, బ్యాంకుకి. ఆయన ఆఫీసుకి చేశాడు. వాళ్లు "ముందు సరుకు దించు, తర్వాత చూద్దాం" అన్నారు. నలుగురికీ తెలిస్తే నామోషీ అని ఆయనా గమ్మునున్నాడు. మన బ్రాంచి మెట్లెక్కేటప్పటికి పన్నెండు రోజులు. పైగా డబ్బు లాగింది తాను కాదని, ఆ రాత్రి తాను భువనేశ్వర్ దగ్గర ఉన్నట్టు చూపించే టోలు చీటీలు, డీజిలు బిల్లు పారేశాడు. సగం డబ్బు కూడా తిరిగి రాలా. అది నీ చెల్లెలి కాలేజీ ఫీజు.

2017లో రిజర్వు బ్యాంకు పెట్టిన రూలు ఇది. మన తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా మూడోవాడు లాగేస్తే, మూడు పనిదినాల్లో చెప్పినోడికి నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు రోజుల్లో చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకి గరిష్ఠంగా 10,000 మన నెత్తిన. ఏడు దాటితే ఆ బ్యాంకు పాలసీ ఎట్టా ఉంటే అట్టా. మెసేజీ వచ్చిన రోజు లెక్కలోకి రాదు, మన బ్రాంచి పనిదినాలే లెక్క. బ్రాంచికే పోవాలని లేదు, ఫోనులో చెప్పినా చెల్లుతుంది, ఫిర్యాదు నంబరు మాత్రం అడిగి రాసుకో. చెప్పిన పది పనిదినాల్లో బ్యాంకు ఆ మొత్తం ఖాతాలో వేసి చూపించాలి. నువ్వే ఓటీపీ చెప్పేసుంటే అప్పటిదాకా పోయింది నీదే, కానీ ఫోను చేసినాక పోయింది బ్యాంకుది. అందుకే తప్పు నీదైనా ఫోను ఆపొద్దు. కార్డు బ్లాకు చేయించినాక సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెయ్యి. ఎంత, ఎప్పుడు, లావాదేవీ నంబరు అడుగుతారు. 30 రోజుల్లో బ్యాంకు తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు, దారి చెప్పే నంబరు 14448. బ్యాంకు నంబరు కార్డు వెనకే ఉంటుంది, కార్డే పోతే? కాగితం మీద రాసి డ్రైవరు సీటు పైన ఎండ అడ్డం వెనక దోపు. గూగుల్లో వెతకొద్దు, అక్కడ దొంగోళ్లే కస్టమర్ కేర్ అని నంబర్లు పెడతారు. ఫాస్టాగ్ కేవైసీ గడువు అయిపోయిందని లింకొస్తే నొక్కొద్దు. డబ్బు రావడానికి పిన్ను అక్కర్లేదు. లోడిప్పిస్తా, గేట్ పాస్‌కి ముందు రెండు వేలు కొట్టు అన్నోడు దొంగ.

ఇక ఆఫీసు. లోడు కాకముందే ఈ-వే బిల్లులో, అంటే సరుకు రవాణాకి జీఎస్టీ వాళ్ల ఆన్‌లైన్ బిల్లులో, నీ బండి నంబరు ఎక్కించేస్తారు. ఎక్కించిన కాణ్ణుంచి రోజుకి 200 కిలోమీటర్ల లెక్కన గడువు నడుస్తుంది. 1,300 కిలోమీటర్లకి ఏడు రోజులు. క్వారీలో రెండు రోజులు క్యూలో నిలబెడితే ఆ రెండూ అందులోంచే పోతాయి. అందుకని పలకలు ఎక్కి, కాటా అయ్యాకే బండి నంబరు ఎక్కించమను. దారిలో ఆలస్యమైతే గడువుకి ఎనిమిది గంటల ముందు మొదలు, తర్వాత ఎనిమిది గంటల దాకా మాత్రమే పొడిగించే వీలు. ఆ పని ఆఫీసోళ్లది, గుర్తుచేసేది నువ్వు.

గేటులోకి పోగానే, దించడం అయిపోగానే టైముతో ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. ఫోనులో అన్న మాట హాల్టింగు లెక్క కాడ, అంటే బండి ఊరికే నిలబెట్టినందుకు ఇచ్చే డబ్బు కాడ, ఎవరికీ గుర్తుండదు. హాల్టింగు ఎన్ని గంటల తర్వాత మొదలో, రోజుకెంతో ఎక్కే ముందే మెసేజీగా రాయించుకో. దించినాక సంతకం, ముద్ర పడిన ఎల్‌ఆర్ (లారీ సరుకు రసీదు) కాపీ లేకుండా అంగుళం కదలొద్దు.

రెండు రోజులు ఊరికే నిలబెట్టి, ఆనక రేపటికల్లా చేరాలంటారు. వాళ్ల మీద కోపం స్టీరింగు మీద చూపించొద్దయ్యా. తెల్లారగట్ల మూడింటికి కన్ను మూసుకుపోతే బండి పక్కకి తీసి పడుకో. సూపర్వైజరు తిడితే నా నంబరివ్వు, నేను పడతా.

వచ్చేటప్పుడు టంగుటూరు టోలు దాటినాక ఫోను చెయ్యి. నీ ఫోను వచ్చినాకే అత్త బియ్యం కడుగుద్ది.

మీ మామ